బుజ్జీ, ముందు నీ కుర్చీ ఎటు తిరిగి ఉందో చూడు

చి. బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు ఉద్యోగం మానేసి ఇంట్లోనే సొంతంగా వీడియో ఎడిటింగ్ మొదలుపెడుతున్నావని, బల్ల మీద మూడు మానిటర్లు పెడతావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీ అమ్మ బెంగంతా ఉద్యోగం గురించి. నా టెన్షన్ మానిటర్ల గురించి. "దానికి అన్ని టీవీలెందుకే" అని గట్టిగానే అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. నా ఒళ్ళో కూర్చుని కీబోర్డు మీద మీట పీకి నోట్లో పెట్టుకున్న పిల్లవి!

నువ్వు కాగితం మీద గీసుకున్న బొమ్మ కూడా పంపింది మీ అమ్మ. అది చూశాకే ఈ ఉత్తరం రాస్తున్నాను. మధ్య మానిటర్లో ప్రివ్యూ, ఎడమ దాంట్లో టైమ్‌లైన్ (వీడియో ముక్కలు వరసగా పేర్చి కత్తిరించే పట్టీ), కుడి దాంట్లో ఫైళ్ళు అని రాశావు. నీ చేతులూ కళ్ళూ రోజంతా ఉండేది టైమ్‌లైన్ మీద కాదూ? దాన్ని పక్కన పెడతావేమిటే?

నా సంగతి విను. రెండో మానిటర్ కొన్న కొత్తలో, రెండూ కలిసే చోటు సరిగ్గా నా ముక్కుకి ఎదురుగా వచ్చేలా స్కేలు పెట్టి మరీ అమర్చాను. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! తీరా నా పనంతా ఎడమ దాంట్లోనే. కుడి దాంట్లో మెయిల్ తెరిచి ఉండేది, గంటకోసారి చూసేవాణ్ణి. అంటే రోజుకి ఎనిమిది గంటలు ఒళ్ళు కీబోర్డు వైపు, తల ఎడమ వైపు. మూడో నెలకి మెడ పట్టేసింది. తలగడ వల్లేమో అనుకుని మూడు తలగడలు మార్చాను. మంచం మార్చాను. వయసు మీద పడిందని మీ అత్తయ్య తేల్చేసింది. కారులో వెనక్కి తిరిగి చూడాలంటే నడుము దాకా తిప్పాల్సి వచ్చేది. అంత నొప్పిలోనూ బల్ల వైపు అనుమానమే పోలేదు. అదెంత అందంగా ఉందో చెప్పాను కదా!

తర్వాత ఎడమ మానిటర్ పాడై రిపేరుకి వెళ్ళింది. ఉన్న ఒక్కదాన్నీ ఎదురుగా జరుపుకుని పది రోజులు పని చేశాను. నొప్పి సగానికి సగం తగ్గింది. అప్పుడుగానీ నా మొద్దు బుర్రకి ఎక్కలేదు. పాత ఫొటోలు తీసి చూస్తే అందరూ కెమెరా వైపు చూస్తున్నారు, నా తల మాత్రం కాస్త ఎడమకి. ఇప్పటికీ చలికి ఆ పక్క నరం లాగుతుంది.

అందుకని ఎక్కువ పని దేంట్లో చేస్తావో అది ఎదురుగా ఉండాలి. కుర్చీ, కీబోర్డు, ఆ మానిటర్ ఒకే వరసలో. మిగతావి దానికి ఆనించి, నీ వైపు కాస్త తిప్పి పెట్టు. రెండింటినీ సమానంగా వాడేవాళ్ళకైతే మధ్యలో కలిసినా ఫరవాలేదు. నీది ఆ పని కాదు. స్క్రీన్ పై అంచు నీ కంటి మట్టానికి గానీ, కొంచెం కిందికి గానీ ఉండాలి. దూరం చెయ్యి చాపినంత. పెద్ద మానిటరైతే ఇంకాస్త వెనక్కి. కిటికీ నీ వెనకా వద్దు, ఎదురుగా వద్దు, పక్కన ఉండనీ.

మూడూ ఒకేసారి కొనకు. ముందు రెండు కొని రెండు నెలలు చూడు, మూడోది నిజంగా కావాలో లేదో నీకే తెలుస్తుంది. కొన్నవి ఒకే మోడల్ అయితే మేలు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో అంగుళానికి దాదాపు 92 చుక్కలు (పిక్సెళ్ళు) ఉంటాయి, 27 అంగుళాల ఫోర్‌కేలో 163. ఇలాంటివి రెండూ పక్కపక్కన పెట్టి ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి విండో లాగితే ఉన్నట్టుండి సైజు మారిపోతుంది, మౌసు అంచు దగ్గర తట్టుకుని ఆగుతుంది. ప్యానెల్, అంటే లోపలి తెర, ఐపీఎస్ రకం తీసుకో. పక్కనుంచి చూస్తే టీఎన్ అనే ఇంకో రకంలో రంగులు మారిపోతాయి, నువ్వు పక్కవాటిని చూసేది ఎప్పుడూ పక్కనుంచేగా! నీ ల్యాప్‌టాప్ బయటి మానిటర్లు ఎన్నింటిని నడపగలదో కూడా ముందే చూసుకో. పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టుకి తగిలిస్తే ఫోర్‌కే 30 హెర్ట్జ్ దాటదు, అంటే సెకనుకి 30 సార్లకి మించి బొమ్మ మారదు, మౌసు జిగురులో ఈదుతున్నట్టు కదులుతుంది.

పెట్టె విప్పిన రోజే గది చీకటి చేసి, స్క్రీనంతా నలుపు పెట్టి మూలలు చూడు. వెలుగు కారుతున్నట్టు ఉంటే ఒక ఫొటో తీసి ఉంచు. తర్వాత తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటే పెట్టి చచ్చిన చుక్కలు వెతుకు. బూడిద రంగు పెడితే మరకలు బయటపడతాయి. రెండింటి రంగులూ పోల్చేది మాత్రం అరగంట వెలిగాకే. తిప్పి పంపే గడువు అయ్యేదాకా పెట్టెలు పారేయకు. ఇల్లు సర్దుతానని మీ అమ్మ పారేస్తుంది, దాచిపెట్టు.

మానిటర్‌ని బల్ల మీద గాల్లో పట్టుకునే ఆర్మ్ కొంటావేమో, మానిటర్ వెనక స్క్రూ రంధ్రాల మధ్య దూరం చూడు. మామూలుగా 75 లేదా 100 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆర్మ్ మోసే బరువుకి కింది హద్దు కూడా ఉంటుంది, మరీ తేలిక మానిటరైతే తనంతట తానే పైకి లేస్తుంది. గాజు బల్లకి క్లాంపు బిగించకు, బిగించావో నేను మాట్లాడను. ఇంకొకటి, మానిటర్ ఊడదీసేటప్పుడు స్ప్రింగు ఆర్మ్‌ని ముందే పైకి లేపి ఉంచు. కిందికి వంచి ఉండగా విప్పితే ఎగిరి మొహాన కొడుతుంది. ఆ పని ఒక్కదానివే చెయ్యకు, ఎవరినైనా పిలు. నన్ను పిలిచినా వస్తాను.

అంతా అమర్చాక ఫొటో పంపు. మానిటర్లది కాదు. నువ్వు పనిలో ఉండగా పక్కనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి తీయించి పంపు. నీ మెడ చూడాలి.

ఇట్లు,
మావయ్య