గుండె కండరం దెబ్బతింటే మళ్లీ పెరుగుతుందా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 61. ఆరు వారాల కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. ఎకోలో పంపింగ్ 40 శాతం ఉందని, గుండె కండరం కొంత దెబ్బతిందని చెప్పారు. కాలి కండరం దెబ్బతింటే కొన్నాళ్లకు మానుతుంది కదా, గుండె కండరం ఎందుకు మానదు? వ్యాయామంతో పెంచుకోవచ్చా?
– ఒక పాఠకుడు

సలహా: ముందుగా ఆ 40 సంగతి. గుండెలో 40 శాతమే మిగిలిందని చాలామంది కంగారు పడతారు. దాని అర్థం అది కాదు. ఎడమ కింది గదిలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత బయటికి వెళుతోందో చెప్పే అంకె అది. ఆరోగ్యవంతుల్లోనూ సుమారు 55 నుంచి 70 మధ్యే ఉంటుంది. నూరు ఎవరికీ ఉండదు.

ఇక కండరం విషయం. కాలి కండరంలో పోగులు పొడవుగా, దేనికది విడిగా ఉంటాయి. గుండె కండర కణాలు పొట్టివి. కొమ్మల్లా చీలి పక్కవాటితో కలిసిపోతాయి. అవి కలిసేచోట ఉండే గట్టి అతుకులు ఎంత లాగినా కణాలను విడిపోనివ్వవు. ఆ అతుకుల్లోని సన్నటి దారుల గుండా విద్యుత్ సంకేతం ఒక కణం నుంచి మరోదానికి పాకుతుంది. అందుకే కోట్ల కణాలు ఒక్కటిగా ముడుచుకోగలుగుతాయి. ఒకసారి ముడుచుకున్నాక కాస్త సడలేదాకా ఈ కణాలు మరో సంకేతానికి స్పందించవు. కాలి పిక్క పట్టేసినట్టు గుండె పట్టేయకపోవడానికి కారణం ఇదే.

రోజుకు లక్షసార్లు కొట్టుకున్నా గుండె అలసిపోదు. కణం లోపలి చోటులో దాదాపు మూడో వంతును, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలే ఆక్రమిస్తాయి. కానీ వాటికి ఆక్సిజన్ క్షణక్షణం అందాలి. పరుగెత్తేటప్పుడు కాలి కండరం ఆక్సిజన్ చాలకపోయినా కాసేపు అప్పు మీద నెట్టుకొస్తుంది. గుండెకు ఆ వెసులుబాటు లేనట్టే. విశ్రాంతిలో ఉన్నప్పుడే తనకు అందే రక్తంలోని ఆక్సిజన్‌లో 70 శాతానికి పైగా వాడేసుకుంటుంది. రక్తనాళం పూర్తిగా మూసుకుపోతే అరగంటలోపే కణాలు చనిపోవడం మొదలవుతుంది.

కాలి కండరంలో మరమ్మతు చేసే మూలకణాలు ఉంటాయి. గుండెలో అలాంటి ఏర్పాటు లేదు. కొత్త కణాలు అసలే పుట్టవని ఒకప్పుడు అనుకునేవాళ్లం. పుడతాయని 2009లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. కాకపోతే పాతికేళ్ల వయసులోనే ఏడాదికి ఒక శాతం, 75 ఏళ్లకు అందులో సగం కూడా ఉండదు. పోయిన కణాల స్థానంలో మచ్చ కడుతుంది. అది ముడుచుకోదు.

అయితే ఎకోలో బలహీనంగా కనిపించినదంతా మచ్చే కాకపోవచ్చు. రక్తం ఆగినప్పుడు చావకుండా మొద్దుబారిన కండరం కూడా అందులో ఉంటుంది. రక్తప్రసారం తిరిగి మొదలయ్యాక అది కొన్ని వారాల్లో కోలుకోవచ్చు. కాబట్టి ఇప్పుడు మళ్లీ ఎకో ఎప్పుడు తీయించాలో మీ కార్డియాలజిస్టును అడగండి. ఆయన రాసిన మందులు గుండె మీద భారాన్ని తగ్గించి, గది సాగిపోకుండా చూస్తాయి. బాగానే ఉంది కదా అని మానేయకండి. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలైతే డాక్టర్ చెప్పకుండా ఒక్కరోజూ ఆపకూడదు.

వ్యాయామంతో కొత్త కణాలు రావు గానీ, మిగిలిన కండరంతోనే శరీరం మెరుగ్గా పనిచేయడం నేర్చుకుంటుంది. డాక్టర్ అనుమతితో నడక మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తడం వద్దు. పడుకుంటే ఆయాసం రావడం, పాదాల వాపు, రెండుమూడు రోజుల్లోనే రెండు కిలోల బరువు పెరగడం కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చూపించండి. ఛాతీలో నొప్పి వచ్చినా, దడతో కళ్లు తిరిగినా ఆలస్యం చేయకుండా అంబులెన్స్‌లో ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.