మందుకు ‘అలవాటుపడ్డ’ శైవలం

సందేహం: గుంటూరులో ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. “యాంటీబయాటిక్ రైబోజోమ్‌ను బంధిస్తుంది, కొన్నాళ్లకు శైవలం ఆ మందుకు అలవాటుపడి నిరోధక శక్తి పొందుతుంది” అని నోట్సు రాయిస్తుంటే వెనక బెంచీల్లో నవ్వులు. ఈ వాక్యంలో తప్పేమిటండీ?

సమాధానం: నవ్వులకు కారణం తెలిసిందే. మన బెజవాడ, గుంటూరు వైపు ‘మందుకు అలవాటుపడ్డాడు’ అంటే ఏ మందో ఆ వయసు పిల్లలకు ఒకరు చెప్పక్కర్లేదు. అయితే ఆ మాటను కొట్టేయాల్సింది నవ్వులకు జడిసి కాదు, అక్కడ అర్థమే తప్పుతోంది కనుక. అలవాటనేది ఒకే ప్రాణి రోజూ చేసి చేసి తెచ్చుకునేది. క్లామిడోమోనాస్ లాంటి ఏకకణ శైవలంలో (ఆల్గాలో) జరిగేది వేరు. లక్షల కణాల్లో ఏ ఒక్కదానికో హరితరేణువు (క్లోరోప్లాస్ట్) జన్యువులో ఒక అక్షరం మారుతుంది. మందున్న చోట తక్కినవి ఎదగవు, అదొక్కటీ పెరిగి పిల్లకణాలకు ఆ మార్పును అందిస్తుంది. స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే క్లామిడోమోనాస్‌లో ఒక రకం మార్పు మెండెల్ చెప్పిన వంశపారంపర్య లెక్కకు రాకుండా ఒక జనకకణం వైపు నుంచే సంక్రమిస్తోందని 1954లోనే జన్యుశాస్త్రవేత్త రూత్ సేజర్ చూపారు. అలవాట్లు అలా సంక్రమించవు కదా.

‘నిరోధక శక్తి’ అన్నా చిక్కే. కరోనా తర్వాత ఆ మాట వినగానే అందరికీ ఒంట్లోని రోగనిరోధక శక్తే గుర్తొస్తుంది. గుణానికి పేరు కావాలంటే ‘నిరోధకత’ చాలు. నాకైతే ‘లొంగని’ అనేది ఇంకా నచ్చుతుంది. “ఈ దగ్గు ఏ కషాయానికీ లొంగట్లేదు” అని ఇళ్లలో అంటూనే ఉంటాం. పైగా ఈ మార్పు వచ్చిన శైవలం మందును అడ్డుకోవడం లేదు, దానికి పట్టు దొరకనివ్వడం లేదు, అంతే.

ఇక ‘బంధిస్తుంది’. పొలం గట్టున నడిచొస్తే పంచె అంచుకు ఉత్తరేణి గింజలు పట్టుకుంటాయి. ‘ఉత్తరేణి పంచెను బంధించింది’ అని ఎవరైనా అంటారా? బంధించడమంటే కట్టిపడేయడం, చెరలో పెట్టడం. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ అణువు, కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ ముందు బహు చిన్నది. రైబోజోమ్ రెండు ఉపభాగాల్లో పెద్దదానిలో కొత్త ప్రోటీన్ గొలుసు బయటికొచ్చే సొరంగంలో అది చేరి దారికి అడ్డుపడుతుంది. స్ట్రెప్టోమైసిన్ అయితే చిన్న ఉపభాగంలో ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని సంకేతాలు తప్పు చదివేలా చేస్తుంది. ‘అతుక్కుంటుంది’ అంటే ఇక ఊడిరాదన్న ధ్వని ఉంది. ఎరిత్రోమైసిన్ వదిలిపోగలదు కూడా. ‘అంటుకుంటుంది’ అంటే నిప్పో జబ్బో అనిపిస్తుంది. అందుకే ‘పట్టుకుంటుంది’ మేలు. ఆ ‘కొను’ వల్ల పనిచేసేది మందేనని తెలుస్తూనే ఉంటుంది.

మీ విద్యార్థులు అడగబోయే ప్రశ్న ఇంకొకటుంది: బాక్టీరియా మందుకు శైవలంతో ఏం పని? హరితరేణువులోని రైబోజోమ్‌లు బాక్టీరియావాటిలాగే 70ఎస్ రకం (ఎస్ అనేది అవి ద్రవంలో ఎంత వేగంగా అడుగుకు దిగుతాయో చెప్పే కొలమానం). కణద్రవ్యంలోనివి 80ఎస్, వాటి మీద ఈ మందులకు అంత పట్టు దొరకదు.

నేనైతే ఇలా రాయిస్తాను: “యాంటీబయాటిక్ శైవలపు హరితరేణువులోని రైబోజోమ్‌ను పట్టుకుంటుంది, ఆ పట్టుచోటు మారిన కణాలు మందుకు లొంగవు.”