బతికించే మంత్రం ఉన్న లోకంలో చావంటే భయమెందుకు?

కూర్చుని కథ అల్లుకుంటూ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో చనిపోయినవాళ్లను మంత్రంతో బతికించొచ్చు కదా, మరి అక్కడి జనం చావుకు ఎందుకు భయపడతారని మీ ప్రశ్న. ఆ మంత్రం అందరికీ అందదు కాబట్టే.

2014 నాటి అయిదో ఎడిషన్ నియమాల లెక్క చూడండి. చనిపోయినవాళ్లను బతికించే రైజ్ డెడ్ మంత్రానికి 500 బంగారు నాణేల విలువైన వజ్రం కావాలి, అదీ చనిపోయిన 10 రోజుల్లోపు. మామూలు కూలీకి రోజుకు 2 వెండి నాణేలు వస్తాయి. 10 వెండి నాణేలు ఒక బంగారు నాణెం. అంటే తిండికి కూడా ఖర్చు పెట్టకుండా దాచినా 2,500 రోజుల కూలి, దాదాపు ఏడేళ్లు! పేదవాడి బిడ్డ పోతే ఆ తల్లిదండ్రులకు మిగిలేది ఏడుపే. డబ్బున్న వీరులకు మాత్రం అది దారి ఖర్చు లాంటిది. ఈ తేడా కథలో కనబడకపోతే ఆ లోకం నాకు నిజమనిపించదు.

బతికించే మంత్రాలన్నిటికన్నా శక్తిమంతమైన ట్రూ రిసరెక్షన్ కూడా ముసలితనంతో పోయినవాళ్లను తేలేదు. పైగా ఆత్మకు ఇష్టం లేకపోతే మంత్రం పనిచేయదు. నాకు బాగా నచ్చే నియమం ఇదే, ఎందుకంటే ఇక్కడ చనిపోయినవాళ్ల మాటకూ విలువుంది. ఈ ఆటలోని కల్పిత లోకాల్లో ఒకటైన ఫర్గాటెన్ రెల్మ్స్‌లో మృతుల దేవుడు కెలెమ్‌వోర్. చావు బతుకులో భాగమేనని ఆయన పూజారులు చెబుతారు, శవాలను లేపి నడిపించేవాళ్లను మాత్రం అస్సలు క్షమించరు.