ఆ ఫొటోలో మా అమ్మాయి ఉంది

ప్రశ్న: మాది ఏలూరు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి 20 ఏళ్లు. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి బీటెక్ మూడో సంవత్సరం చదువుతోంది. ఎల్జీబీటీ వాళ్ల కోసం అక్కడ జరిగిన ఊరేగింపులో, ఇంగ్లీషులో ఏదో రాసిన అట్ట పట్టుకుని నడుస్తున్న తన ఫొటోను మా మరిది కొడుకు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. మా ఆయన ఆ రోజు నుంచి అన్నం సరిగా తినడం లేదు. మా ఆడపడుచు డాక్టరుకు చూపించమంటోంది. మా బావగారు చదువు మాన్పించి సంబంధం చూసేయమంటున్నారు. నేను మాత్రం రోజూ ఫోన్‌లో తిన్నావా, పడుకున్నావా అని మామూలుగానే మాట్లాడుతున్నాను. మూడు వారాలైంది, ఆ విషయం ఎత్తలేదు. ఆ గుంపులోంచి అమ్మాయిని ఎలా బయటికి తేవాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ఆ ‘మూడు వారాలు’ దగ్గర ఆగిపోయాను. ఫ్యామిలీ గ్రూపులో మీ అమ్మాయి కూడా ఉండే ఉంటుంది. ఆ ఫొటో తనూ చూసి ఉంటుంది. పెదనాన్న ఏమన్నాడో, అత్త ఏం రాసిందో, అమ్మా నాన్నా నోరు విప్పలేదన్నదీ తెలిసే ఉంటుంది. ఇక్కడ మీరు గుండె దిటవు చేసుకుని ‘తిన్నావా’ అంటుంటే, అక్కడ ఆ పిల్ల, అమ్మ ఈ రోజైనా అడుగుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ ‘తిన్నానమ్మా’ అంటోంది.

మీ మనసును తొలుస్తున్న అసలు ప్రశ్న మీరు రాయలేదు. ‘మా అమ్మాయి కూడా అలాంటిదేనా?’ నాకు తెలియదు. ఆ ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు. అలా నడిచే వాళ్లలో మగవాళ్లనే ఇష్టపడే మగపిల్లలు (గే), ఆడవాళ్లనే ఇష్టపడే ఆడపిల్లలు (లెస్బియన్), పుట్టినప్పుడు ఆడ, మగ అని రాసినదానికి భిన్నంగా తమను తాము భావించుకునే ట్రాన్స్‌జెండర్ పిల్లలుంటారు, వీళ్లనే ఎల్జీబీటీ అంటున్నది, వాళ్ల స్నేహితులుంటారు, అక్కచెల్లెళ్లుంటారు. ఒక్కోసారి అమ్మానాన్నలు కూడా వస్తారు. మీ అమ్మాయి తన రూమ్మేట్ కోసం నడిచి ఉండొచ్చు, తన కోసమే నడిచి ఉండొచ్చు. అది తన నోటితో, తనకు ధైర్యం వచ్చినప్పుడు చెప్పాల్సిన మాట. దయచేసి నిలదీసి చెప్పించుకోకండి. భయంలో ‘అదేం లేదమ్మా’ అనేస్తే మీకు ఆ పూటకు ప్రాణం కుదుటపడుతుందేమో, ఆ తర్వాత తను మీకు ఏదీ చెప్పదు.

గుంపులో చేరడం వల్ల చెడిపోతుందన్న భయం ఒకటి ఉంది కదా, అది వదిలేయండి. ఎవరి మీద మనసు పుడుతుందన్నది సావాసంతో అంటుకునేది కాదు. ఇది జబ్బూ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను వ్యాధుల జాబితా నుంచి తీసేసింది. మన దేశంలో ‘మార్చేస్తాం’ అంటూ చేసే చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లో వైద్యుల దుష్ప్రవర్తన కింద లెక్కగట్టింది. మీ ఆడపడుచు చెప్పిన డాక్టరు అలాంటి ట్రీట్‌మెంట్ చేస్తానంటే ఆ గడప తొక్కకండి. ఆ చికిత్సల పేరుతో నలిగిపోయిన పిల్లలతో నేను మాట్లాడాను. పోయిన నిద్ర, పోయిన నమ్మకం తిరిగి రావడానికి ఏళ్లు పట్టింది.

చదువు మాన్పించి పెళ్లి చేయడం మాత్రం వద్దే వద్దు. మీ అమ్మాయి మనసు అటు లేకపోతే, ఏ పాపం తెలియని ఇంకో ఇంటి అబ్బాయి బతుకు కూడా అందులో చిక్కుకుంటుంది. పైగా తను మేజర్. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని తండ్రి తీసుకెళ్లి ఉంచేస్తే, ఎవరితో ఉండాలన్నది ఆ అమ్మాయి ఇష్టమని 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చి చెప్పింది. మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. మీ బావగారు మళ్లీ ఆ మాట ఎత్తినప్పుడు మీ వారికి తెలిసి ఉండాలని చెబుతున్నాను.

ఇంత చదువుకున్న పిల్లలు రోడ్డెక్కడం ఎందుకని మీకు అనిపిస్తుంది. స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది. హైదరాబాద్‌లో స్వాభిమాన యాత్ర అనే ఈ ఊరేగింపు అంతకు ముందే, 2013లోనే మొదలైంది. చట్టం మారినా హాస్టల్ గదిలో వెక్కిరింతలు మారలేదు, ఇల్లు అద్దెకిచ్చే వాళ్ల చూపు మారలేదు. మనం చిన్నప్పుడు ఇలాంటి మనుషుల గురించి విన్న మాటలన్నీ తిట్లే. ఇంకో మాట ఉందని కూడా మనకు తెలియదు. స్వలింగ జంటల పెళ్లికి చట్టంలో గుర్తింపు లేదని 2023 అక్టోబర్‌లో అదే సుప్రీంకోర్టు చెప్పింది. ఇంట్లో చెప్పలేక, స్నేహితుల దగ్గర దాక్కోలేక ఒంటరిగా కుమిలే పిల్లకు, ‘నువ్వొక్కదానివే కాదు’ అని నలుగురు వెలుగులో నిలబడి చెప్పడం ఎంత ఆసరానో నేను చూశాను. మీ అమ్మాయి ఆ నలుగురిలో ఒకతి. నాకైతే ఆ పిల్ల మీద గౌరవం కలుగుతోంది.

మీ టెన్షన్‌లో నిజమైనవీ ఉన్నాయి. ఆ ఫొటోలు చూసి ఎవరైనా వేధిస్తే? చదువు వెనకబడితే? అవి తల్లిగా అడగండి. ‘రాత్రి హాస్టల్‌కు ఎవరితో వస్తున్నావు, ఎవరైనా పిచ్చి మెసేజ్‌లు పెడుతున్నారా’ అంటే తను మొహం చాటెయ్యదు. ‘పరువు తీశావు’ అంటే ఫోన్ పెట్టేస్తుంది.

మీ వారిని తొందరపెట్టకండి. ఆయన అవమానం అంటున్నది చాలావరకు భయమే అయ్యుంటుంది. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించండి. మనసు మరీ బరువైతే ఇద్దరిలో ఎవరైనా 14416కు ఫోన్ చేయొచ్చు. అది టెలిమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు. బంధువులకు మాత్రం ఒక్క మాట చాలు: ‘మా అమ్మాయి సంగతి మేం చూసుకుంటాం, ముందు ఆ ఫొటో తీసేయండి.’ ఆ మాట మీ వారి నోటి నుంచి వస్తే ఇంకా మంచిది. గ్రూపులో ఆ మాట అమ్మాయి కూడా చూస్తుంది కదా.

ఇక ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు, తిన్నావా అని అడిగాక, ‘ఆ ఫొటో చూశానమ్మా, అట్ట మీద ఇంగ్లీషులో ఉంది, నాకు అర్థం కాలేదు. ఏం రాశావో తెలుగులో చెప్పు’ అనండి. తను చెప్పినంతసేపూ వినండి.