స్పానిష్ టీవీ న్యూస్‌రూమ్‌లో చేరబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో) స్పానిష్ చదివి, లాస్ ఏంజెలెస్‌లో జర్నలిజం పీజీలో చేరిన నీకు అక్కడి స్పానిష్ టీవీ న్యూస్‌రూమ్‌లో ఇంటర్న్‌షిప్ దొరికిందని చదివి సంతోషించాను. అటువంటి చోట, ఏ వార్తకు ఎవరిని పంపాలో చూసే అసైన్‌మెంట్ డెస్క్ మీద చాలా ఏళ్ళు గడిపినవాడిని, పైగా అక్కడ ఎలా మెలగాలో నువ్వే అడిగావు కాబట్టి, తోచిన నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి చూసుకో. నీది ఎఫ్-1 విద్యార్థి వీసా కాబట్టి, జీతం లేని ఇంటర్న్‌షిప్ అయినా సరే, యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని సంప్రదించి, సీపీటీ (చదువులో భాగంగా పని చేసే) అనుమతి నీ ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) మీద పడిన తరువాతే పనిలో చేరు. పూర్తికాలపు సీపీటీ 12 నెలలు వాడుకుంటే ఆ డిగ్రీ మీద రావలసిన ఓపీటీ, అంటే చదువు తరువాత అక్కడ పని చేసుకునే అనుమతి, పోతుంది.

ఆ ఊళ్ళో 34వ ఛానల్ కేఎమ్‌ఈఎక్స్ 1962 నుంచి స్పానిష్‌లో ప్రసారమవుతోంది. దాని వార్తా విభాగానికి డైరెక్టర్‌గా ఉన్న రూబెన్ సాలజార్, 1970 ఆగస్టు 29న ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో జరిగిన వియత్నాం యుద్ధ వ్యతిరేక ప్రదర్శన వార్త కోసం వెళ్ళి, విటియర్ బౌలెవార్డ్ మీది ఒక బార్‌లో కూర్చుని ఉండగా, షెరిఫ్ డిప్యూటీ పేల్చిన బాష్పవాయు గుండు తలకు తగిలి చనిపోయాడు. ఆ ప్రాంతంలోని ఒక పార్కుకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. 2007లో అదే ఛానల్, అర్హత ఉన్న వలసదారుల చేత పౌరసత్వానికి దరఖాస్తు చేయించడానికి ‘యా ఎస్ ఓరా’ (ఇదే సమయం) అనే ప్రచారాన్ని భుజాన వేసుకుంది. ఇంత పాత కథ ఎందుకంటే, ప్రేక్షకులు ఈ ఛానళ్ళను వార్తలు చూడడానికే కాదు, కష్టమొస్తే తలుపు తట్టడానికి కూడా ఉన్నాయనుకుంటారు. నువ్వు వెళ్ళేది అటువంటి చోటికి.

ఇంటర్న్‌కు మొదట అప్పగించేది ఫోన్లు ఎత్తే పని. కెమెరా ముందుకు ఎప్పుడు పంపుతారా అని ఎదురుచూస్తూ దానిని చిన్నచూపు చూడకు. నా దృష్టిలో న్యూస్‌రూమ్ మొత్తంలో అంతకంటే విలువైన కుర్చీ లేదు. ఇల్లు ఖాళీ చేయమని యజమాని తలుపుకు కాగితం అంటించాడని ఒకరు, న్యాయవాది కాకుండానే ‘నోటారియో’ బోర్డు పెట్టుకున్నవాడు వలస కాగితాల పేరుతో డబ్బు గుంజి మాయమయ్యాడని ఇంకొకరు ఫోన్ చేస్తారు. రెండో రకం ఫోన్ వస్తే తొందరపడి ఓదార్చడం కంటే, రసీదు ఉందా, ఏ తేదీన ఎంత ఇచ్చారు, ప్రభుత్వానికి పంపిన దరఖాస్తు ప్రతి చేతికి ఇచ్చాడా, ఆ ఆఫీసులో మోసపోయినవాళ్ళు ఇంకెవరైనా తెలుసా అని ఓపికగా అడిగి, అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకో. ఒక్క ఫోన్ వస్తే అది ఫిర్యాదు మాత్రమే. అదే చిరునామా మీద మూడో ఫోన్ వచ్చిన రోజు అది రిపోర్టర్ బల్ల మీద ఉండాలి.

ఉచిత క్లినిక్, ఆహార పంపిణీ వంటి సమాచారం తెర మీదికి వెళ్ళే ముందు, ప్రకటనలో ఉన్న నంబరుకు నువ్వే ఫోన్ చేసి వేళలు, చిరునామా, తీసుకువెళ్ళవలసిన కాగితాలు, అక్కడ స్పానిష్ మాట్లాడేవారు ఉంటారో లేదో అడుగు. ఒక్క అంకె తప్పు పడితే, పనికి సెలవు పెట్టి రెండు బస్సులు మారి వచ్చిన తల్లి, మూసిన తలుపు ముందు నిలబడుతుంది.

నీ స్పానిష్ గురించి బెంగ పెట్టుకోకు. ఆ ఛానల్ ప్రేక్షకులలో మెక్సికో, ఎల్ సాల్వడోర్, గ్వాటెమాలాల నుంచి వచ్చినవారు ఎక్కువ. మెక్సికోలోని ఓహాకా రాష్ట్రం నుంచి వచ్చిన చాలామందికి ఇంటి భాష సపోటెక్ అనే అక్కడి ఆదివాసీ భాష కావడంతో, స్పానిష్ వాళ్ళకూ నేర్చుకున్న భాషే. అర్థం కానప్పుడు మళ్ళీ చెప్పమని అడగడంలో తప్పేమీ లేదు. బైట్ (కెమెరా ముందు వాళ్ళు చెప్పే మాట) తీసుకునే ముందు పేరును అక్షరం అక్షరం చెప్పించుకుని రికార్డు చేయి. వాళ్ళకు తండ్రి వైపుది, తల్లి వైపుది రెండు ఇంటిపేర్లు ఉంటాయి కనుక, తెర మీద ఏది వేయాలో కూడా వాళ్ళనే అడుగు. (మన ఇంటిపేర్లతో అమెరికాలో మనం పడే తిప్పలు గుర్తు తెచ్చుకుంటే ఈ శ్రద్ధ నీకు సులువుగానే అబ్బుతుంది.)

ముఖం చూపవద్దని కోరేవారు తరచుగా తగులుతారు. చూపించబోమని నీ అంతట నువ్వు మాట ఇవ్వకు. ఆ నిర్ణయం న్యూస్ డైరెక్టర్‌ది. అనుమతి దొరికాక మాత్రం, వీపు వైపు నుంచి తీసినంత మాత్రాన సరిపోతుందనుకోవద్దు. గొంతు, చేతి మీది పచ్చబొట్టు, గుమ్మం మీది ఇంటి నంబరు, వాకిట్లో ఆగిన కారు ప్లేటు కూడా మనిషిని పట్టిస్తాయి. ఎడిటింగ్ గదిలో కూర్చునే అవకాశం దొరికితే, ఆ ఫ్రేములను వెతికి పట్టుకునే పని నువ్వే అడిగి తీసుకో.

ఉదయం సమావేశానికి ఖాళీ చేతులతో వెళ్ళకు. ‘అద్దెలు పెరుగుతున్నాయి’ అన్నది అంశమే తప్ప వార్త కాదు. ఫలానా భవనంలో ఫలానా కుటుంబం ఈ మధ్యాహ్నం మాట్లాడతానంది అంటేనే సాయంత్రం 6 గంటల బులెటిన్ రన్‌డౌన్‌లో (వార్తల వరస పట్టికలో) చోటు దొరుకుతుంది. ప్యాకేజీ (రిపోర్టర్ సిద్ధం చేసిన వార్తా కథనం) కుదించడం, దృశ్యాల మీద చదివే వాయిస్ ఓవర్ రాయడం పక్కన కూర్చుంటే వాటంతట అవే వస్తాయి.

చివరగా, వలస అధికారుల దాడుల పుకార్లు. ఫలానా కూడలిలో ‘లా మిగ్రా’ (వలస అధికారులకు అక్కడివాళ్ళ వాడుక పేరు) దిగిందని వాట్సాప్‌లో వీడియో వచ్చినప్పుడు, అది ఎప్పటిదో, ఎక్కడిదో, పంపినవారు స్వయంగా చూశారో లేదో తేలేదాకా డెస్క్ దాటనివ్వకు. పోటీ ఛానల్ ముందే వేసేసిందని అరిచే ప్రొడ్యూసర్లు ఉంటారు, వాళ్ళను అరవనివ్వు. తప్పుడు కబురు ప్రసారమైతే మరునాడు పిల్లలు బడికి వెళ్ళరు, పెద్దలు కూలికి వెళ్ళరు. నిజమైన కబురును నొక్కిపెట్టినా నష్టపోయేది వాళ్ళే. అందుకే ఆ వీధిలో దుకాణం నడిపేవారు, చర్చి నడిపేవారు, వలసదారుల హక్కుల సంఘాలవారు, ఫోన్ చేస్తే ఎత్తి నిజం చెప్పేవాళ్ళు ఓ పదిమందినైనా మొదటి నెలలోనే పరిచయం చేసుకో.

చేరే తేదీ ఖరారు కాగానే రాయి. ఏ షిఫ్ట్ కావాలని అడిగితే సాయంత్రం షిఫ్ట్ అడుగు. రాత్రి 11 గంటల బులెటిన్‌కు మనుషులు తక్కువ ఉంటారు కాబట్టి ఇంటర్న్ చేతికి కూడా పని వస్తుంది.

ఇట్లు,
మీ బాబాయి