హెరెజ్ బొదేగాలో చేరబోతున్న అల్లుడికి

చిరంజీవి వాసుకి,
మావయ్య ఆశీస్సులు.

స్పెయిన్‌లో షెర్రీ వైన్ పుట్టే హెరెజ్ ఊళ్ళో, ఒక బొదేగాలో, అంటే వైన్‌ని పీపాల్లో పండించే కొట్టులో, ఏడాది శిక్షణకి నిన్ను తీసుకున్నారని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. ఆగస్టులో రమ్మన్నారంటే మంచి వేళకే వెళ్తున్నావు, ద్రాక్ష కోతలు ఆ నెల సగం కాగానే మొదలవుతాయి. నువ్వు ఇప్పటిదాకా చదివిన పాఠాల్లో పీపాని అంచుదాకా నింపాలని, వైన్‌కి గాలి తగలనివ్వకూడదని ఉంటుంది. హెరెజ్‌లో పీపాని కావాలనే వెలితిగా ఉంచుతారు. ఆ వెలితిలో ఏం జరుగుతుందో, దాన్నెలా కాపాడాలో తెలిస్తే నీకు షెర్రీ వచ్చేసినట్టే. అందుకే నాకు తెలిసినవి వివరంగా రాస్తున్నాను.

దిగిన వారంలో బొదేగా లోపలే తిరగకుండా ముందు తోటలకి వెళ్ళు. ఊరికి వాయవ్యాన మచార్నూదో, పడమటి వైపు బల్‌బాయినా గుట్టలు ఉంటాయి. ఎండలో అక్కడ కళ్ళు విప్పి చూడలేవు, నేల అంత తెల్లగా ఉంటుంది. దాన్ని అల్బారీసా అంటారు. ఒక గడ్డ తీసుకుని చేత్తో నలుపు. ముగ్గుపిండిలా పొడైపోయి వేళ్ళకి అంటుకుంటుంది, చేతిలో బరువే తెలియదు. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు మట్టి అది. అక్కడ ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదీ అక్టోబరు నుంచి మే లోపలే, ఎండాకాలం చుక్క రాలదు. ఈ మట్టి చలికాలం వానని స్పంజిలా పీల్చుకుని, ఎండలు రాగానే పైన పెచ్చు కట్టి తడిని లోపలే దాచుకుంటుంది. నల్లరేగడిలా నెర్రెలు తీయదు. తీగ వేళ్ళు లోతుకి దిగి ఆ తడితోనే వేసవి గడుపుతాయి.

కోతలయ్యాక తోటలో చేసే ఒక పనిని దగ్గరుండి చూడు. సాళ్ళ మధ్య మట్టి తీసి, అడ్డంగా గట్లు వేసి, వరసగా గళ్ళు కడతారు. మన మెట్ట రైతులు వాన నీటికి అడ్డుకట్టలు వేస్తారే, అలాగే. దీన్ని ఆసెర్పియా అంటారు. ఇది చేయకపోతే వాలు మీద పడ్డ వాన మట్టినీ వెంటబెట్టుకుని పోతుంది. వసంతంలో మళ్ళీ చదును చేస్తారు. తీగలన్నీ అమెరికన్ వేరుమూలం మీద అంటుకట్టినవే. 1894లో ఫిల్లొక్సెరా పురుగు వచ్చాక వేరే దారి లేకపోయింది. ఇంత సున్నం ఉన్న నేలకి 41బి లాంటి సున్నాన్ని ఓర్చుకునే వేరుమూలమే కావాలి. ఓర్వలేనిది వేస్తే ఇనుము అందక ఆకు పసుపురంగుకి తిరిగిపోతుంది, ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగులుతాయి.

చలికాలంలో కత్తిరింపుకి రమ్మంటే మానకు. అక్కడి పద్ధతి పేరు వారా ఇ పుల్గార్, అంటే బెత్తం, బొటనవేలు. మొక్కకి రెండు చేతులు. ఒక చేతి మీద ఎనిమిది కళ్ళ వరకు పొడుగు కొమ్మ ఉంచుతారు, ఈ ఏటి కాపు దానిది. రెండో చేతి మీద ఒకటి రెండు కళ్ళతో పొట్టి ముక్క ఉంచుతారు. వచ్చే ఏడు పొడుగు కొమ్మ ఆ వైపు నుంచి రావాలి. తొందరలో రెండేళ్ళు వరసగా ఒకే వైపు పొడుగు కొమ్మ వదిలితే రెండో చెయ్యి నీరసపడి ఎండిపోతుంది. కొత్తవాళ్ళు చేసే తప్పు ఇదే. పాత కోత ఏ వైపుందో చూశాకే కత్తెర పెట్టు.

గాలుల పేర్లు రెండు గుర్తుంచుకో. పడమర నుంచి, అట్లాంటిక్ తేమతో వచ్చేది పోనియెన్తే. తూర్పు, ఆగ్నేయం నుంచి పొడిగా, వేడిగా కొట్టేది లెవాంతే. బొదేగాలు కట్టిందే ఈ రెంటి లెక్క చూసి. నేలమాళిగల కోసం వెతక్కు, పీపాలన్నీ నేల మీదే ఉంటాయి. కప్పు చాలా ఎత్తు, గోడలు మందం, కిటికీలు పైన చిన్నవి. పడమటి గాలిని రానిస్తారు, లెవాంతే వీచే రోజు కిటికీలకి గడ్డితో అల్లిన చాపలు దించేస్తారు. నేల మీద పసుపుపచ్చ ఇసుక పరిచి ఎండాకాలం నీళ్ళు చల్లుతారు. ఆ నీళ్ళు చల్లే పని మొదట్లో నీకే అప్పగిస్తారు. చిన్నపని అనుకోకు, లోపలి తేమ తగ్గితే మొదట చచ్చేది పీపాలో వైన్ మీద తేలే ఈస్ట్ పొర, ఫ్లోర్.

ఇక వైన్ సంగతి. పాలొమీనో ద్రాక్షకి సొంత వాసన తక్కువ, పులుపూ తక్కువే. పులిశాక 11, 12 శాతం ఆల్కహాల్‌తో తెల్లటి, సాదా వైన్ అవుతుంది. తర్వాత దాన్ని రుచి చూసి రెండు దారుల్లో విడగొడతారు. సన్నగా, శుభ్రంగా ఉన్నదానికి ద్రాక్ష స్పిరిట్ కలిపి 15, 15.5 శాతానికి తెస్తారు. ఒళ్ళున్నదాన్ని 17 దాటిస్తారు. లెక్క నువ్వే వేసి చూసుకో: 500 లీటర్ల 12 శాతం వైన్‌ని 15.5కి తేవాలంటే 96 శాతం స్పిరిట్ సుమారు 22 లీటర్లు కావాలి. 18కి తేవాలంటే 38 లీటర్లు దాటుతుంది. స్పిరిట్‌ని నేరుగా వైన్‌లో పొయ్యరు. ముందు సగం స్పిరిట్, సగం వైన్ కలిపి కొన్ని రోజులు తేరనిచ్చి, ఆ మిశ్రమాన్ని పోస్తారు. నేరుగా పోస్తే వైన్ కలక బారుతుంది. కోతల రోజుల్లో పులిసే గదిలోకి ఒంటరిగా వెళ్ళకు, తొట్టిలోకి తల వంచకు. కార్బన్ డయాక్సైడ్‌కి వాసన ఉండదు, అడుగున నిలిచి ఉంటుంది.

15 శాతానికి తెచ్చిన వైన్ మీద ఈస్ట్ తెల్లగా పొరకడుతుంది. అదే ఫ్లోర్, అంటే పువ్వు. చూడగానే మనకి పచ్చడి జాడీలో బూజు పట్టినట్టు గుండె గుభేలుమంటుంది. ఇక్కడ ఆ పొరే పెన్నిధి. అది వైన్‌కి గాలి తగలకుండా మూత వేస్తుంది. బతకడానికి ఆల్కహాల్‌నీ గ్లిజరిన్‌నీ తింటుంది, అందుకే ఈ పొర కింద పండే ఫీనో రకం అంత పొడిగా, అంటే తీపి లేకుండా, పలచగా ఉంటుంది. అది విడిచే అసెటాల్డిహైడ్ వల్లే కోసిన ఆపిల్, పచ్చి బాదం, తడిపిన పిండి వాసనలు వస్తాయి. 17 శాతం దాటితే ఫ్లోర్ బతకదు. ఫ్లోర్ లేకుండా పండించే ఒలొరోసో రకానికి అంత స్పిరిట్ పోసేది అందుకే. ఫ్లోర్ వసంతంలోనూ ఆకురాలు కాలంలోనూ దట్టంగా ఉంటుంది, మండే వేసవిలోనూ చలిలోనూ పలచబడుతుంది. సముద్రం ఒడ్డున సాన్‌లూకార్‌లో మాత్రం చల్లదనం, తేమ ఉండబట్టి ఏడాది పొడుగునా ఒత్తుగా ఉంటుంది. అక్కడ పండిన వైన్‌కే మన్సనీయా అని పేరు.

పీపాని బోత అంటారు. 600 లీటర్లు పట్టే అమెరికన్ ఓక్ పీపాలో 500 లీటర్లే పోస్తారు. కొలతకి పాతకాలపు గుర్తు, పై నుంచి రెండు పిడికిళ్ళ ఖాళీ. ఆ ఖాళీయే ఫ్లోర్‌కి చోటు. చెక్క వాసన ఎక్కకూడదు కాబట్టి పీపా ఎంత పాతదైతే అంత విలువ. విస్కీ వాళ్ళు కొనే షెర్రీ పీపాలు చాలావరకు వాళ్ళ కోసమే కొంతకాలం వైన్ నింపి ఉంచిన కొత్తవి, బొదేగాలో షెర్రీ పండించే పాతవి కావు. ఎవరైనా రెంటినీ కలిపి మాట్లాడితే నువ్వు గందరగోళపడకు.

షెర్రీ పండించే సొలెరా పద్ధతిని పెరుగు తోడుతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. పాతది కొంత ఎప్పుడూ మిగుల్చుకుని, దానిలో కొత్తది కలుపుతూ పోవడం. అమ్మకానికి వైన్ తీసే చివరి దశ పేరు కూడా సొలెరాయే. దానికి ముందున్నది మొదటి క్రియాదేరా, దాని ముందుది రెండోది, అలా వెనక్కి. సొలెరాలోంచి ఎంత తీశారో అంత మొదటి క్రియాదేరా నుంచి తెచ్చి నింపుతారు, దాని వెలితి రెండోదానితో తీరుస్తారు. ఒక దశలోంచి మూడో వంతుకి మించి ఒకేసారి తీయరు. పీపాలు మూడు నాలుగు అంతస్తులుగా పేర్చి ఉంటాయి గాని, కింది వరసంతా సొలెరాయే అని నమ్మకు. ఒక్కోసారి వేరే దశలు వేరే భవనంలోనే ఉంటాయి. పీపా మూతి మీద సుద్దతో రాసింది చదువు.

తీయడాన్ని సాకా అంటారు, నింపడాన్ని రొసీయో, అంటే మంచు. పేరులోనే పని ఎలా చేయాలో ఉంది. గరాటులాంటి కనోవా పెట్టి, దానికి చిల్లులున్న వంపు గొట్టం తగిలించి, ఆ గొట్టాన్ని ఫ్లోర్ కిందకి దించి నెమ్మదిగా పోస్తారు. వైన్ అడుగున చిల్లుల్లోంచి చినుకుల్లా పరుచుకోవాలి, పై పొర కదలకూడదు. గొట్టం పైకి ఉండగానే పోసినా, గబగబా కుమ్మరించినా పొర చిరిగి ముక్కలై మునిగిపోతుంది. ఇంకో మాట, ఒక దశ పీపాల నుంచి తీసిన వైన్‌ని ముందు ఒకచోట కలిపి, తర్వాత కింది దశలోని అన్ని పీపాలకీ సమంగా పంచుతారు. పక్కపక్క పీపాలే ఒకలా ఉండవు, వాటిని ఒక తీరుకి తెచ్చేది ఈ కలపడమే.

ఎక్కువ తీస్తే వైన్ పచ్చిగా బయటికి పోతుంది. అసలు తీయకుండా వదిలేస్తే కొత్త వైన్‌లో వచ్చే పోషకాలు అందక ఫ్లోర్ ఆకలితో చస్తుంది. అందుకే ఫీనో నుంచి ఏడాదిలో పలుసార్లు, కొంచెం కొంచెంగా తీస్తారు. పొర పలచబడిన పీపా కనిపిస్తే ముక్కు పెట్టి చూడు. వెనిగర్ ఘాటు తగిలితే ఆ రోజే పెద్దమేస్త్రీకి చెప్పు. అలాంటి పీపాని విడిగా దూరం తీసుకెళ్ళిపోవాలి, ఆలస్యమైతే పక్కవాటికి అంటుకుంటుంది. ఖాళీ పీపాలో గంధకం పొగ వేసి ఉంటే బాగా కడగనిదే వైన్ పోయకు, ఆ పొగ ఫ్లోర్‌కి విషం.

వయసు లెక్క నీ నోటుబుక్కులో మొదటి పేజీలో రాసుకో. మొత్తం దశల్లో ఉన్న వైన్‌ని ఏటా తీసే వైన్‌తో భాగిస్తే సగటు వయసు వస్తుంది. నాలుగు దశలు, ఒక్కోదాంట్లో 100 బోతలు, మొత్తం 2,00,000 లీటర్లు అనుకో. ఏటా 25,000 తీస్తే సగటు 8 ఏళ్ళు. 1,00,000 తీస్తే 2 ఏళ్ళు, అది నియమం ఒప్పుకునే కనీసం. 30 ఏళ్ళు దాటినదాని సీసా మీద వి.ఒ.ఆర్.ఎస్. అని ముద్ర ఉంటుంది. అందుకు ఒక లీటరు తీస్తే 30 లీటర్లు లోపల మిగిలి ఉండాలి. ఆవిరైపోయేది ఏటా 3 నుంచి 5 శాతం, దాన్నీ మర్చిపోకు.

రకాలు పేర్లు బట్టీ పట్టకు, ఫ్లోర్‌తో కలిపి గుర్తుపెట్టుకో. ఫ్లోర్ కింద చివరిదాకా ఉన్నది ఫీనో. కొన్నేళ్ళు ఫ్లోర్ కింద ఉండి, తర్వాత పొర పోయి గాలికి ముదిరింది అమొంతియాదో. ఫ్లోర్ లేకుండా మొదటి నుంచీ గాలిలో పండింది ఒలొరోసో. పొడి బొదేగాలో చెక్కలోంచి నీళ్ళే ఎక్కువ ఆవిరవుతాయి కాబట్టి అది ఏళ్ళు గడిచేకొద్దీ 20 శాతం దాటుతుంది. ఫీనోకని సుద్దగీత గీసి ఎంచిన పీపా ఒకటి దారి మారి, అమొంతియాదో వాసన, ఒలొరోసో ఒళ్ళు తెచ్చుకుంటే ఆ గీతకి అడ్డగీత కొడతారు, అది పాలో కొర్తాదో. పెద్రో హిమేనెజ్ వేరే సంగతి. ఆ ద్రాక్షని చాపల మీద ఎండబెట్టి పిండుతారు, తాటిబెల్లం పాకంలా చిక్కగా ఉంటుంది.

వెనెన్సియా తిప్పడం అందరూ అడుగుతారు. పొడుగు కాడకి చివర చిన్న లోతు గిన్నె ఉంటుంది. చేయి నిటారుగా ఉంచి ఒక్క పోటుతో పొరని దాటించి, మధ్యలోంచి వైన్ ముంచి, అదే దారిన పైకి తియ్యి. తడబడితే పొర చిరుగుతుంది. ఎత్తునుంచి గ్లాసులోకి పొయ్యడం తర్వాత నేర్చుకో, ముందు నీళ్ళతో సాధన చెయ్యి. రుచి చూసిన ప్రతిసారీ ఉమ్మెయ్యి, రోజుకి నలభై పీపాలు చూడాల్సి వస్తుంది. ఫీనోని 7 నుంచి 9 డిగ్రీల దగ్గర తాగాలి, తెరిచిన సీసా వారంలో అయిపోవాలి. ఒలొరోసో 12, 14 డిగ్రీల దగ్గర బాగుంటుంది, తెరిచాక నెల పైన నిలుస్తుంది.

జారని బూట్లు రెండు జతలు కొనుక్కో, లోపలి ఇసుక ఎప్పుడూ తడిగానే ఉంటుంది. సెంటు, ఆఫ్టర్‌షేవ్ ఇంట్లోనే వదిలెయ్యి. చేరాక మొదటి సాకా రోజు ఏ దశ నుంచి ఎంత తీశారో రాసి పంపు. అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మావయ్య