సంక్రాంతి ముందు పెట్టిన ఆ సంతకంలో ఏముంది మాస్టారూ?

ప్రశ్న: సార్, నేను ఖమ్మంలో ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 22,000. కోవిడ్‌లో జీతాలు ఆగిపోయి, పైగా నాన్న ఆస్పత్రి ఖర్చు వచ్చి రెండు క్రెడిట్ కార్డులు వాడేశాను. మొదటిదానికి 2021 ఆగస్టులో ఆఖరిసారి కట్టాను, వాడింది 48,000 అయితే ఇప్పుడు 1,74,000 అంటున్నారు. రెండోది 62,000, దానికి 2024 నవంబర్ నుంచి కట్టట్లేదు. ఏజెంట్లు స్కూలుకి ఫోన్ చేసి ప్రిన్సిపాల్‌కి చెప్పారు, పరువు పోయింది, నిద్ర పట్టట్లేదు. ఇప్పుడొకాయన ముందు 500 కట్టండి, మీ ఆవిడ ఖాతావి ఆరు చెక్కులివ్వండి, మొదటి కార్డు 70,000కి సెటిల్ చేయిస్తా అంటున్నాడు. మా బావమరిదేమో ఐపీ పెట్టెయ్ అంటాడు, దానికి ముందే నా పేర ఉన్న 120 గజాల స్థలం ఆవిడ పేర గిఫ్ట్ రాసెయ్ అంటాడు. మూడేళ్ళు దాటితే బాకీ పోతుందని యూట్యూబ్‌లో చూశాను, నిజమేనా? నెలకి 4,000 దాకా పక్కన పెట్టగలను. అన్నట్టు 2025 సంక్రాంతి ముందు ఒకతను ఇంటికొచ్చి ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు, హడావిడిలో చదవలేదు.

జవాబు: మాస్టారూ, మీరు రెండు పేజీలు రాశారు, అందులో పేజీన్నర పరువు గురించి, ఇక్కడ కుదించి ఇచ్చాను. నాకు పనికొచ్చింది ఆఖర్న "అన్నట్టు" అని తేలిగ్గా రాసేసిన ఆ ఒక్క ముక్క. మొదటి కార్డు సంగతి మొత్తం దాని మీదే ఉంది.

ముందు తేదీలు చూద్దాం. డబ్బు బాకీ వసూలుకి దావా వేయాలంటే లిమిటేషన్ చట్టం ప్రకారం మూడేళ్ళు. మీరు 2021 ఆగస్టు నుంచి లెక్కేసుకుని 2024తో అయిపోయింది అనుకుంటున్నారు, అది తప్పు. కోవిడ్ వల్ల సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేసింది, కాబట్టి మీ మూడేళ్ళు 2022 మార్చి 1న మొదలై 2025 ఫిబ్రవరి ఆఖరుకి పూర్తవుతాయి. ఇప్పుడు చూడండి, గడువు ఇంకో నెలన్నరలో అయిపోతుందనగా జనవరిలో ఒక మనిషి మీ ఇంటికొచ్చి సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. పండక్కి పలకరించడానికి వచ్చాడనుకున్నారా?

లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 ఏం చెప్తుందంటే, గడువు లోపల బాకీ ఉన్నట్టు ఒప్పుకుంటూ రాతపూర్వకంగా సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్ళీ కొత్తగా మూడేళ్ళు. మొత్తం ఎంతో రాయకపోయినా సరే, "బాకీ ఉంది గానీ ఇప్పుడు కట్టలేను" అని రాసినా సరే. అంటే ఆ కాగితంలో అలాంటి ముక్క ఉంటే మొదటి కార్డు 2028 జనవరి దాకా బతికే ఉంటుంది. అదే కాగితం "ఈ రోజు మా ప్రతినిధి ఇంటికి వచ్చారు, నోటీసు అందింది" అని రాసుకున్న విజిట్ స్లిప్పు మాత్రమే అయితే అది ఒప్పుకోలు కాదు, బాకీకి కాలదోషం పట్టినట్టే, అంటే దావా వేసే గడువు దాటిపోయినట్టే. పిల్లలకి ప్రశ్న చదవకుండా జవాబు రాయొద్దని రోజూ చెప్పే మనిషి చదవకుండా సంతకం ఎలా పెట్టారండీ, కనీసం ఫోన్‌తో ఒక ఫొటో అన్నా తీసుకోవాలి కదా! సరే, ఒక ఊరట ఉంది, ఆ కాగితం చూపించాల్సిన బాధ్యత బ్యాంకుదే. దాని మీద తేదీ లేకపోతే ఎప్పుడు సంతకం పెట్టారో నోటి సాక్ష్యం ఇవ్వొచ్చు గానీ, అందులో ఏం రాసుందో నోటి మాటగా చెప్తే చెల్లదు.

అందుకని మొదటి పని, బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం. అందులో "ఖాతా మొదలు నుంచి స్టేట్‌మెంట్లు, నేను సంతకం చేశానని మీ దగ్గరున్న ప్రతి కాగితం కాపీ, మీరు పెట్టుకున్న రికవరీ ఏజెన్సీ వివరాలు పంపండి, ఈ ఉత్తరం ఏ బాకీనీ ఒప్పుకున్నట్టు కాదు" అని రాయండి, అంతే. నా కష్టాలు ఇవీ, తప్పకుండా కడతాను, టైమివ్వండి అని ఒక్క లైను కూడా రాయొద్దు. ఈమెయిల్లో ఒప్పుకున్నది కూడా సెక్షన్ 18 కిందకి వస్తుందని తీర్పులున్నాయి, అంచేత వాట్సాప్‌లో ఏజెంట్‌కి "ఇస్తాను సార్ కొంచెం ఆగండి" అని పెట్టడం ఇవాళే మానేయండి.

ఇప్పుడు ఆ 500. ఊళ్ళల్లో ప్రోనోటుకి మూడేళ్ళు దగ్గర పడుతుంటే వెనకాల వంద రూపాయలు చెల్లు వేయించుకుంటారు చూడండి, ఇది అచ్చం అదే. గడువు లోపల కొంత కట్టి, ఆ కట్టినట్టు మీ రాత గానీ మీ సంతకంతో ఉన్న రాత గానీ ఉంటే సెక్షన్ 19 కింద మళ్ళీ మూడేళ్ళు. గడువు దాటిపోయాక కట్టిన 500 దానంతట అది బాకీకి ప్రాణం పోయదు, కానీ దాంతోపాటు వాళ్ళు పెట్టించుకునే సెటిల్మెంట్ కాగితం పోస్తుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) ప్రకారం కాలదోషం పట్టిన బాకీని కూడా కడతానని రాసి సంతకం పెడితే అది కొత్త ఒప్పందం. ఎటు చూసినా ఆ సంతకం కాగితం వచ్చి చూసేదాకా రూపాయి కట్టకూడదు, కలం తీయకూడదు.

ఆ చెక్కుల మాటైతే నాకు ఒళ్ళు మండింది. ఇవ్వొద్దు, ఒక్కటి కూడా, ఖాళీవైనా తేదీలేసినవైనా. కార్డు బాకీ సివిల్ బాకీ, మొదట్నుంచీ మోసం చేసే ఉద్దేశంతో తీసుకుంటే తప్ప పోలీసులకి దాంతో పని లేదు. మీరు చెక్కు ఇచ్చి అది బౌన్స్ అయిన రోజు నుంచి కథ మారిపోతుంది, నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే చెక్కుల చట్టం సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు, రెండేళ్ళ దాకా జైలుశిక్ష పడొచ్చు. అది కూడా మీ మీద కాదు, చెక్కు మీద సంతకం ఎవరిదైతే వాళ్ళ మీద. వేరేవాళ్ళ బాకీకి ఇచ్చిన చెక్కయినా 138 వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చేసింది. అంటే కార్డు గీకింది మీరు, ముద్దాయిగా బోనెక్కేది మీ ఆవిడ. ఖాతాలోంచి ఆటోమేటిగ్గా కట్ అయ్యేలా మాండేట్ ఇవ్వమన్నా దాదాపు ఇదే ప్రమాదం.

మీ బావమరిది గారి సలహాలకి వస్తే, ఐపీ, అంటే దివాలా పిటిషన్, అదేదో తెల్లారేసరికి బాకీలన్నీ తుడిచేసే మంత్రం అనుకుంటారు జనం. 1920 నాటి చట్టం అది, కోర్టుకెళ్ళి ఆస్తులన్నీ రాసివ్వాలి, అప్పులవాళ్ళందరికీ నోటీసులు వెళ్తాయి, స్థలం కోర్టు చేతికి పోతుంది, దివాలాదారు ముద్ర తీయించుకోవడానికి మళ్ళీ వేరే దరఖాస్తు. రెండు కార్డుల కోసం ఇదంతా ఎందుకు? ఇక ముందే గిఫ్ట్ రాసేయడం అప్పులవాళ్ళని ఎగ్గొట్టడానికి చేసిన బదిలీ, బ్యాంకు దాన్ని కొట్టేయించగలదు. ఐపీ పెట్టడానికి ముందు రెండేళ్ళలో రాసిన గిఫ్టయితే మరీ సులువు. పైగా మీరు స్థలం వదిలించుకుంటున్నారని తెలిస్తే తీర్పు రాకముందే జప్తు కోసం పిటిషన్ వేస్తారు. స్థలం కదలనివ్వకండి.

రెండో కార్డు దగ్గర యూట్యూబ్ తెలివి పనికిరాదు. 2024 నవంబర్ అంటే బ్యాంకుకి 2027 ఆఖరుదాకా టైముంది, మీకు స్థలం ఉంది, జీతం ఉంది, కాబట్టి ఇది కట్టాల్సిందే. 30 శాతం దాటి వడ్డీ వేయకూడదని ఎవరో చెప్పారని రాశారు, వినియోగదారుల జాతీయ కమిషన్ అలా అన్న మాట నిజమే, కానీ 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నెలకి మూడున్నర శాతం వడ్డీ, దాని మీద జీఎస్టీ 18 శాతం అనుకుంటే 62,000 మీద నెలకి 2,560 అవుతుంది. ఐదు శాతం మినిమమ్ అంటే 3,100, అది కడితే అసల్లో తగ్గేది 540. మినిమమ్ కడుతూ పోతే చాలా అని అడిగారు కదా, ఇదే జవాబు. ఒక్కటి మాత్రం స్టేట్‌మెంట్‌లో వెతకండి, కట్టని చార్జీలు, పన్నులు అసల్లో కలిపి వాటి మీద మళ్ళీ వడ్డీ వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లోనే ఆదేశించింది, అలా వేసి ఉంటే బేరానికి మీకు అదొక ఆయుధం.

మీ 4,000 నెలనెలా ఏజెంట్‌కి పంపకండి, ఈ బ్యాంకుతో సంబంధం లేని ఇంకో బ్యాంకులో ఆర్‌డీ కట్టండి. మీ జీతం ఖాతా గనక కార్డు ఇచ్చిన బ్యాంకులోనే ఉంటే ఈ నెలే మార్చుకోండి, కార్డు నిబంధనల్లో మీ ఖాతాలోంచి బాకీ సర్దుకునే హక్కు రాసుకునే ఉంటారు, ఒకటో తారీఖు జీతం పడగానే ఖాళీ అయిందని ఏడుస్తూ నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఉన్నారు. ఎనిమిది తొమ్మిది నెలల్లో 35,000 చేతిలో ఉంటుంది, అప్పుడు వన్‌టైమ్ సెటిల్మెంట్ అడగండి. ఇంకా తక్కువ పడితే బ్యాంకులో బంగారం పెట్టి తీసుకోండి, దాని వడ్డీ కార్డు వడ్డీలో మూడో వంతు ఉండదు, అంతేగానీ ఫోన్ యాప్‌లో లోను తీసి కార్డు కట్టే పని పెట్టుకోవద్దు. ముందు బ్యాంకు లెటర్‌హెడ్ మీద గానీ బ్యాంకు సొంత ఈమెయిల్ నుంచి గానీ కార్డు నంబరు, మొత్తం, గడువు, ఫుల్ అండ్ ఫైనల్ అనే మాట ఉన్న లెటర్ రావాలి, డబ్బు కార్డు ఖాతాకే వెళ్ళాలి, ఎవరి పర్సనల్ యూపీఐకీ కాదు, ఆ తర్వాత ఇక బాకీ లేదని నో డ్యూస్ లెటర్ తీసుకోవాలి. సిబిల్‌లో "సెటిల్డ్" అని పడుతుంది, అది మంచి ముద్ర కాదు, ఇంటి లోను ఆలోచన ఉంటే పూర్తిగా కట్టి "క్లోజ్డ్" చేయించుకోవడమే నయం. ఇంకోటి, మొదటి కార్డుకి నిజంగానే కాలదోషం పట్టినా పోయేది కోర్టుకెళ్ళే దారి మాత్రమే, బాకీ పోదు, సిబిల్‌లో మచ్చ ఉంటుంది.

కోర్టంటే అంత భయం వద్దు గానీ నిర్లక్ష్యం మాత్రం వద్దు. మీరు ఇల్లు మారి బ్యాంకులో అడ్రస్ మార్చలేదని ఎక్కడో మధ్యలో రాశారు, ఇది సంతకం కంటే పెద్ద తప్పు. సమన్లు పాత ఇంటికి పోతాయి, మీరు రాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ (మీరు లేకుండానే మీకు వ్యతిరేకంగా తీర్పు) అవుతుంది, కాలదోషం వాదన చెప్పే మనిషే ఉండడు, ఆ డిక్రీని 12 ఏళ్ళ దాకా ఈపీ (అమలు పిటిషన్) వేసి అమలు చేయించుకోవచ్చు. ఈకోర్ట్స్ యాప్‌లో ఖమ్మం, హైదరాబాద్ రెండు చోట్లా మీ పేరుతో ఇవాళే వెతకండి. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి విచారణ) నోటీసు వచ్చినా చించేయకుండా వకీలుకి చూపించండి. ఒకవేళ డిక్రీ అయినా జీతంలో మొదటి వెయ్యి, మిగతాదాంట్లో మూడింట రెండొంతులు ముట్టుకోకూడదు, అంటే మీ 22,000లో జప్తయ్యేది నెలకి 7,000, అదీ ఒక డిక్రీకి 24 నెలలు మించకుండా. పీఎఫ్ జోలికి రాలేరు. లోక్ అదాలత్‌కి పిలిస్తే వెళ్ళండి, కానీ అక్కడ ఒప్పుకుని సంతకం చేసింది డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టలేని వాయిదాలకి తల ఊపొద్దు.

స్కూలుకి ఫోన్ చేసిన సంగతి వేరే కేసు, దానివల్ల బాకీ తగ్గదు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు, మీ బాకీ సంగతి మూడో మనిషికి చెప్పి అవమానించకూడదు. కాల్ లిస్టు, రికార్డింగులు, ప్రిన్సిపాల్ గారు రాసిచ్చే రెండు లైన్లు జతచేసి బ్యాంకుకి ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో పెట్టొచ్చు, ఫీజు లేదు. ఈ ఫిర్యాదులో కూడా బాకీ ఒప్పుకునే మాట దొర్లకుండా చూసుకోండి.

ఉత్తరం ఈ వారంలోనే పోస్ట్ చేయండి, అది అందినట్టు రుజువు దాచండి. వకీలు ఫీజు భారమైతే ఖమ్మం కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, మీ ఆదాయానికి ఉచిత వకీలు వస్తారేమో అడగండి. ఆ జనవరి కాగితం కాపీ వస్తే దాని మీద ఏముందో అక్షరం మార్చకుండా నాకు పంపండి, మొదటి కార్డుకి 70,000 ఇవ్వాలో అసలు ఏమీ ఇవ్వక్కర్లేదో అప్పుడు చెప్తాను.